ఆలస్యంగా వినబడే వాద్యం

ఆదివారం ఆరాధనలో నేను మొట్టమొదట పైప్ ఆర్గన్ వాయించిన రోజున ఒక పెద్దాయన పాట మధ్యలోనే కూర్చుండిపోయారు. ఒంట్లో బాగాలేక కాదు, పాట ఎంతకీ అవడం లేదని. మొదటి చరణం మామూలుగానే నడిచింది. రెండోది కాస్త బరువెక్కింది. మూడో చరణానికి వచ్చేసరికి జనం ఒక్కో మాటకీ ఊపిరి పీల్చుకుంటున్నారు. నాలుగో చరణం సగంలో ఆయన పుస్తకం మూసేసి బెంచీ మీద చతికిలబడ్డారు. ఆరాధన అయ్యాక పాస్టర్ గారు నా దగ్గరికి వచ్చి, నవ్వాపుకుంటూ, "ఇవాళ ప్రతి మాట గురించీ ఆలోచించుకునే తీరిక దొరికింది మాకు" అన్నారు. మంచి మనిషి కాబట్టి అంతటితో సరిపెట్టారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పార్కింగ్ లాట్‌లో కారెక్కి స్టీరింగ్ మీద రెండు గుద్దులు గుద్దాను.

అప్పుడు నా కోపమంతా జనం మీద. వాళ్ళు నీరసంగా పాడుతుంటే నేనేం చేసేది? వాళ్ళ కోసం ఆగాను. ఆగడమే కదా నా పని అనుకున్నాను. ఎందుకంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పని అదే.

మా గుంటూరు వైపు చర్చిలో పన్నెండేళ్ళ వయసు నుంచీ హార్మోనియం వాయించాను. అక్కడ హార్మోనియం వాయించేవాళ్ళకి ఒకటే నియమం, పాడేవాళ్ళని వదిలిపెట్టకూడదు. ముందు వరసలో చాప మీద కూర్చున్న పెద్దమ్మలు కీర్తన ఎత్తుకునేవారు. ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ఆ దేవుడికే తెలియాలి. నేను గబగబా వెతికి ఆ మెట్టు పట్టుకోవాలి. పల్లవి చివర వాళ్ళు సాగదీస్తే నేనూ సాగదీయాలి. ఒకావిడకి కన్నీళ్ళొచ్చి గొంతు ఆగిపోతే, ఆవిడ ముక్కు చీదుకుని మళ్ళీ అందుకునేదాకా గాలి పోసే బెల్లోస్ ఊపుతూ అదే స్వరం మీద నిలబడాలి. అందులో నన్ను మించినవాళ్ళు లేరని చుట్టుపక్కల చర్చిలవాళ్ళు కూడా అనేవారు. పెళ్ళిళ్ళకి కూడా పిలిచేవారు. ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

ఇక్కడ ఆ పొగరే నన్ను ముంచింది. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం వెళ్ళే చర్చిలో ఆర్గన్ వాయించేవాళ్ళు కూర్చునే చోటు ముందు, బలిపీఠం పక్కన ఉంటుంది. గొట్టాలు మాత్రం వెనక, తలుపు పైనున్న బాల్కనీలో ఉంటాయి. నేను ఇక్కడ కీ నొక్కితే అక్కడ గాలి గొట్టంలోకి ఎక్కాలి, గొట్టం పలకాలి, ఆ పలుకు హాలంతా దాటి నా దగ్గరికి రావాలి. అరక్షణం పడుతుంది. మధ్యలో కూర్చున్న జనం దాన్ని విని పాడతారు. వాళ్ళ పాట నన్ను చేరేసరికి ఇంకాస్త ఆలస్యం. నేను వాళ్ళ కోసం ఆగుతాను, వాళ్ళు ఆర్గన్ కోసం ఆగుతారు. అలా ఒకరికోసం ఒకరం ఆగుతూ పోతే చివరికి ఒక పెద్దాయన కూర్చుండిపోతారు.

ఇదంతా నాకు ఆ వారంలోనే చెప్పింది మా టీచర్. ఆవిడకి డెబ్బయ్యారేళ్ళు. ఆ చర్చిలో ముప్పై ఏళ్ళుగా ఆర్గనిస్టు. అప్పటికి రెండేళ్ళుగా ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నాను. తన కుడి మణికట్టుకి ఆపరేషన్ జరగబట్టే ఆ ఆదివారం నన్ను కూర్చోబెట్టింది. పాట సంగతి అప్పటికే ఎవరో ఫోన్‌లో చేరవేశారు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు వింటున్నావు. అదీ నీ జబ్బు" అంది.

"సంగీతం వాయించేవాళ్ళు వినకపోతే ఎలా అండీ?" అన్నాను.

"విను. విన్నదాని కోసం ఆగకు. నీ చేతులు ఇప్పుడు ఉన్నచోటే పాట ఉంది. నీ చెవికి వచ్చేది అయిపోయినది."

తలూపాను. అర్థమైందనే అనుకున్నాను. అర్థం కావడం వేరు, చేతికి ఎక్కడం వేరు.

మా చర్చిలో లెంట్ దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో, ప్రతి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి నలభై నిమిషాల ఆర్గన్ కచేరీ ఉంటుంది. బయటి ఊళ్ళ నుంచి గెస్టులు వచ్చి వాయిస్తారు. చివరి బుధవారం మాత్రం ముప్పై ఏళ్ళుగా మా టీచర్‌దే. జనవరిలో డాక్టర్ ఆవిడతో, మెల్లగా పాటలు వాయించుకోవచ్చు గానీ కచేరీలు ఇక కుదరవని చెప్పేశాడట. ఆ మాట నాకు చెప్పిన నోటితోనే, "చివరి బుధవారం నువ్వు వాయిస్తున్నావు" అంది. నేను వెంటనే సరే అన్నాను. ఒక్క క్షణం కూడా బెట్టు చేయలేదు. ఆవిడకి బాధగా ఉందేమో అని ఆలోచించను కూడా లేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నాకు ఆ బుధవారం కావాలి. నలభై ఆరేళ్ళు వచ్చాయి. అంతవరకు నా జీవితంలో వాయించినదంతా ఎవరో పాడుతుంటే వెనక వాయించినదే. ఎవరూ పాడని చోట, నేను మాత్రమే వాయించి, జనం కూర్చుని వినే నలభై నిమిషాలు ఒక్కసారైనా కావాలనిపించింది.

ఈ కచేరీలు చూసుకునే చర్చి కమిటీకి వేరే ఆలోచన ఉంది. కమిటీ పెద్దాయన కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి, చాలా మర్యాదస్తుడు. నన్ను చర్చి పక్కనున్న ఫెలోషిప్ హాల్లో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నెమ్మదిగా మొదలుపెట్టారు. "మేము ఒకటి అనుకున్నాం. చివరి బుధవారానికి బయటి నుంచి ఒక ఆర్గనిస్టుని పిలుద్దాం. మీరు మొదట ఒక పదిహేను నిమిషాలు మీ ఇండియన్ పాటలు వాయించండి. మావాళ్ళకి భలే నచ్చుతుంది. తర్వాత మీ సమోసాలు ఉంటే ఇంక చెప్పేదేముంది!"

నా ఒళ్ళు మండిపోయింది. మా కీర్తనలంటే నాకు ప్రాణం. వాటిని ఎవరి ముందైనా వాయిస్తాను. కానీ ఆర్గన్ చేతకాదు గనక కీర్తన వాయించమనడం ఆర్గన్‌కీ మర్యాద కాదు, కీర్తనకీ కాదు. ఆ నలిగిపోయిన ఆదివారం పాట ఆయన కళ్ళలో కనబడుతూనే ఉంది. కాఫీ కప్పు కింద పెట్టాను.

"సమోసాలు తెస్తాను. నలభై నిమిషాలూ నేనే వాయిస్తాను. గెస్టులు ఏ సంగీతం వాయిస్తారో అదే వాయిస్తాను" అన్నాను.

ఆయన ఇబ్బందిగా కదిలారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కచేరీకి రెండు వారాల ముందు ప్రోగ్రామ్ మొత్తం కమిటీ ముందు వాయించాలి. వాళ్ళకి సరే అనిపిస్తే బుధవారం నాది. లేకపోతే బయటి మనిషి వస్తాడు, నేను సమోసాలు తెస్తాను. కమిటీ ముందు వాయించే రోజుకి నా చేతిలో ఆరు వారాలున్నాయి.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు. ఆయనది ఖమ్మం వైపు. "నీకేందే గింత పంతం? పదిహేను నిమిషాలు వాయించి, సమోసా తిని రారాదు?"

"నువ్వు కూడా అదే అంటే ఇంక నాతో మాట్లాడకు" అన్నాను.

మాట్లాడకుండానే ఆ శనివారం నా వెనక చర్చికి వచ్చి, కోటు విప్పకుండా చివరి బెంచీలో కూర్చున్నాడు. శనివారాలు అక్కడ హీటింగ్ తగ్గించి పెడతారు. వేళ్ళు కొయ్యబారిపోతాయి. కాళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఆర్గన్‌కి కింద కూడా కీస్ ఉంటాయి, చెక్కవి, కాళ్ళతో వాయించాలి. మా ఊరి చర్చిలో చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం. హార్మోనియం పెట్టెకి పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. అటువంటిదాన్ని, దీన్ని బూట్లేసుకుని తొక్కమంటే మొదట్లో ప్రాణం ఒప్పలేదు. సాక్స్‌తో వాయించి, జారి, ఒకేసారి మూడు కీస్ మొరిగించాను. టీచర్ నన్ను షాపుకి తీసుకువెళ్ళి పల్చటి తోలు అడుగున్న బూట్లు కొనిపించింది. వాటిని కేవలం ఆర్గన్ దగ్గరే తొడుక్కునేదాన్ని. అలా నా మనసుకి సర్దిచెప్పుకున్నాను.

నేను ఎంచుకున్నవి మూడు. మొదట ఒక ఆర్భాటమైన ఎత్తుగడ, మధ్యలో మెల్లగా సాగే ఒకటి, చివర మూడు వందల ఏళ్ళనాటి ఒక ఫ్యూగ్. ఫ్యూగ్ అంటే ఒకే పలుకుని ముందు కుడిచేయి ఎత్తుకుంటుంది. అది ఇంకా పూర్తికాకముందే ఎడమచేయి అదే పలుకుతో వెనక తగులుకుంటుంది. మధ్యలో ఇంకో గొంతు. అందరూ అయ్యాక కాళ్ళు. నాలుగు గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఇందులో ఒక్కరు ఆగితే మిగతావాళ్ళు వాళ్ళ మీద పడిపోతారు. నేను ప్రతి వరసలోనూ ఆగేదాన్ని. నా స్వరం వెనక నుంచి నా చెవిని చేరేదాకా తరవాతి స్వరం వేయడానికి వేలు రాదు.

"నువ్వు కొట్టినంక అరక్షణానికొస్తాంది సౌండ్. మా ఆఫీసుల దీన్ని లేటెన్సీ అంటరు" అని మా ఆయన చివరి బెంచీ నుంచి అరిచాడు. "చెవులల్ల దూది పెట్టుకో, ఖతం!"

పెట్టుకున్నాను. ఎలాగూ మునిగినదాన్ని కదా, దేనికైనా సిద్ధమే. దూది వల్ల దగ్గరి చప్పుళ్ళు పోయాయి గానీ, గొట్టాల మోత నేల నుంచి, బెంచీ నుంచి ఎముకల్లోకి వస్తూనే ఉంది. ఇంకా అధ్వాన్నంగా వాయించాను. టీచర్ వచ్చి నా చెవిలోంచి దూది లాగి పారేసింది.

వారం తరవాత వారం అదే మాట, "ఆలస్యం". ఆవిడ ఆ మాట కోపంగా అనేది కాదు. డాక్టర్ బీపీ చదివినట్టు అనేది. నేను ఆఫీసు మీటింగుల్లో టేబుల్ కింద కాళ్ళు కదుపుతూ కూర్చునేదాన్ని. డైనింగ్ టేబుల్ మీద వేళ్ళు ఆడిస్తుంటే మా ఆయన పళ్ళెం పక్కకి జరుపుకునేవాడు. స్వరాలన్నీ కంఠస్థం అయిపోయాయి. అయినా చర్చిలో కూర్చోగానే పాత అలవాటు పెద్దమ్మలా ముందు వరసలో చాప వేసుకుని కూర్చునేది. నాలుగో వారం చివర, ఫ్యూగ్ మధ్యలో ఆపేసి, "నావల్ల కాదు, బయటి మనిషినే పిలవమనండి" అనేశాను. అన్నాక ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

ఆవిడ ఓదార్చలేదు. లేచి వెళ్ళి, గొట్టాలకి గాలి పంపే బ్లోయర్ స్విచ్ ఆపేసి వచ్చింది. గాలి లేకపోతే ఆర్గన్ మూగది. కీస్ నొక్కితే చెక్క టకటకమనడం తప్ప ఏమీ ఉండదు.

"ఇప్పుడు మొదటి నుంచీ వాయించు" అంది.

"ఏమీ వినబడదు కదా!"

"అవును."

వాయించాను. అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. చెవి దేన్నీ పట్టుకోలేక చీకట్లో గోడ తడుముకున్నట్టు తడుముకుంటోంది. పేజీలో ఆరో వరసకి రాగానే ఆవిడ, "ఇక్కడ ఆగావు" అంది.

"చప్పుడే లేదు, మీకెలా తెలిసింది?"

"ఆగేముందు నీ ఎడమ భుజం లేస్తుంది."

నిజమే. హార్మోనియం బెల్లోస్ ఊపే చేయి అది. ముప్పై ఏళ్ళుగా పాడేవాళ్ళ కోసం ఆగుతూ గాలి పోసిన చేయి. స్వరం కోసం చెవి ఎదురుచూస్తే, భుజం తనంతట తాను లేచి గాలి పోయడానికి సిద్ధమవుతోంది. ఇక్కడ నేను గాలి పోయనక్కర్లేదని దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ తరవాత రెండు వారాలు సాయంత్రం ఆఫీసు కాగానే చర్చికి వెళ్ళి, బ్లోయర్ ఆపేసిన ఆర్గన్ మీద మూగగా వాయించాను. మొదటి అరగంట చప్పుడు లేకుండా, తరవాత అరగంట చప్పుడుతో. భుజం లేస్తే మళ్ళీ మొదటికి. ఒక్కో రోజు ఫ్యూగ్‌లో మొదటి పేజీ దాటేదాన్ని కాదు. చర్చి శుభ్రం చేసే ఆయన ఒకరోజు ఆగి చూసి, స్విచ్ వేయడం మర్చిపోయానేమోనని వేయబోయాడు. వద్దని బ్రతిమాలుకున్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

కమిటీ ముందు వాయించిన రోజు గొప్పగా ఏమీ లేదు. మధ్యలోదాంట్లో తడబడ్డాను. ఫ్యూగ్‌లో రెండు స్వరాలు తప్పు పడ్డాయి. కానీ ఎక్కడా నడక ఆగలేదు. అయ్యాక కమిటీ పెద్దాయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "బయటి మనిషికి ఫోన్ చేసి వద్దని చెబుతాను" అన్నారు. అంతే. ఇంటికి వెళ్ళే దారిలో మా ఆయన కారు ఆపి ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. బయట మంచు పడుతోంది. "సల్లగుంది, అయినా తినాలె" అన్నాడు.

చివరి బుధవారం వచ్చింది. పదకొండున్నరకి సమోసాల ట్రేలు ఫెలోషిప్ హాల్లో పెట్టి, ఆర్గన్ దగ్గరికి వెళ్ళి బూట్లు మార్చుకున్నాను. నలభై యాభై మంది వచ్చి ఉంటారు. ఎక్కువగా పెద్దవాళ్ళు, కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. మా ఆఫీసు నుంచి ఇద్దరు లంచ్ టైమ్‌లో పరిగెత్తుకొచ్చారు. టీచర్ నా పక్కన నిలబడి పేజీలు తిప్పాలి. అది ముందే అనుకున్నది. పన్నెండుకి రెండు నిమిషాలుండగా ఆవిడ నా దగ్గరికి వచ్చి, "నేను కింద కూర్చుంటాను" అంది.

"పేజీలెవరు తిప్పుతారండీ?" అన్నాను.

"ఎడమచేయి ఖాళీగా ఉండే చోట్లు నీకు తెలుసు" అని చెప్పి, మెట్లు దిగి, మధ్య వరసల్లో ఒక బెంచీ చివర కూర్చుంది.

అరవడానికి టైమ్ లేదు. ఆర్భాటమైనది ఎత్తుకున్నాను. బాగానే వచ్చింది. మెల్లగా సాగేదాంట్లో రెండుచోట్ల భుజం లేచింది, నాకే తెలిసింది. పళ్ళు బిగబట్టి ముందుకు వెళ్ళాను. ఫ్యూగ్ మొదలుపెట్టేముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకసారి మూగగా లోపలే నడిపించుకున్నాను. తరవాత కుడిచేయి ఎత్తుకుంది. ఎడమచేయి తగులుకుంది. వెనక నుంచి నా స్వరాలే నన్ను పిలుస్తున్నాయి. ఒక్క క్షణం ఆగమంటున్నాయి. ఎవరో గట్టిగా దగ్గారు. నేను వింటూనే ఉన్నాను, కానీ వాటి దారిన వాటిని పోనిచ్చాను. కాళ్ళు లోపలికి దిగే చోటు వచ్చింది. దిగాయి. నేల అదిరింది. ఆ చోటు నుంచి చివరిదాకా నాకు భయం వేయలేదు. అంత హాలుని నా రెండు చేతులు, రెండు కాళ్ళు నడిపిస్తున్నాయని తెలుస్తుంటే ఎంత సంతోషమో చెప్పలేను. చివరి స్వరాల మీద నుంచి చేతులు ఎత్తేశాను. నేను ఎత్తేశాక కూడా అరక్షణం ఆ మోత అక్కడే ఉంది.

జనం లేచి చప్పట్లు కొట్టారు. కమిటీ పెద్దాయన వచ్చి నా చేయి పట్టుకుని ఊపి, వచ్చే ఏడాదికి తారీఖు ఇప్పుడే రాసుకోమన్నారు. మా ఆయన అందరినీ సమోసాల వైపు తోలుకుపోయాడు. హాలు ఖాళీ అయ్యేసరికి చూస్తే టీచర్ ఇంకా ఆ బెంచీలోనే కూర్చుని ఉంది. వెళ్ళి ముందు బెంచీ మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను.

"ఎలా ఉంది?" అన్నాను.

"రెండోదాంట్లో రెండుచోట్ల ఆగావు."

"తెలుసు."

ఆవిడ నా వైపు చూడటం లేదు. మెడ తిప్పి పైన బాల్కనీలోని గొట్టాలవైపు చూస్తోంది. ఆపరేషన్ చేసిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఉంది.

"గెస్టులు వచ్చినప్పుడు పక్కన నిలబడి పేజీలు తిప్పేదాన్ని. మిగతా అన్ని రోజులూ వాయించేదాన్ని. ముప్పై ఏళ్ళలో ఈ బెంచీ మీద కూర్చుని వినడం ఇదే మొదటిసారి" అంది. మళ్ళీ తనే, "పాట ఇక్కడికి ఇలా వస్తుందని నాకెవరూ చెప్పలేదు" అంది.

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. అది సంతోషమో, చేజారిపోయినదాని మీద దుఃఖమో నేను అడగలేదు. రెండూ అయి ఉంటాయి. ఆ బుధవారం నాది కావాలని ఆరు వారాలు ఎంతమందితో కొట్లాడానో గానీ, అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా అది ఎవరి దగ్గర నుంచి నాకు వస్తోందో ఆలోచించలేదు.

"చివరిది మళ్ళీ వాయించు" అంది.

"అందరూ వెళ్ళిపోయారు కదండీ."

"నేనున్నాను."

వెళ్ళి వాయించాను. ఆవిడ కోసమే వాయించాను, ఎక్కడా ఆవిడ కోసం ఆగకుండా.